మా యరుగుమీది నల్లబల్ల

పట్టణవార్తలనగానే మనకు దినపత్రికలోని జిల్లాపుట తలపునకు వచ్చును. ఏ సభకు ఎవ్వరు అధ్యక్షత వహించిరో, ఏ వీధికి క్రొత్తదీపములు వచ్చినవో, ఏ కూడలిలో బండ్లు ఢీకొన్నవో అందుండును. అవియు వార్తలే, కాదనను. కాని యిల్లు నడుపు స్త్రీకి పొద్దు పొడిచినది మొదలు కావలసిన వార్తలు వేఱు. నేడు కుళాయి యెన్నిగంటలకు విడుతురు? గోదావరి యెన్ని యడుగులున్నది? ప్రక్కవీధిలో పసిపిల్లలకు జ్వరములు తగిలినవన్నమాట నిజమా? మూడవయింటి మామ్మగారు నిన్నటినుండి తలుపు తీయలేదేమి? వీనిని ఎవ్వరును అచ్చువేయరు. తెలియకపోయినచో మాత్రము సంసారము ఒక్కపూటలో తలక్రిందులగును. ఇట్టి వార్తలు మా వీధికి పూర్వము ఎట్లు వచ్చెడివో, నడుమ ఎట్లు నిలిచిపోయినవో, నా నోటి తొందరవలన ఒక పిల్ల ప్రాణమునకే ఎట్లు ముప్పు రానుండెనో వ్రాయవలెనని చాలకాలమునుండి తలచుచుంటిని.

మాది రాజమహేంద్రవరము. మహానగరమనుటకు చాలదు; చిన్నయూరనుటకు మిక్కిలి పెద్దది. 2011వ సంవత్సరపు జనాభాలెక్కలలో మూడులక్షల నలుబదివేలకు పైబడిన జనము. 2015లో ప్రభుత్వమువారు రాజమండ్రికి పూర్వనామమును మరల నిచ్చిరి. 2022 ఏప్రిలులో తూర్పుగోదావరి జిల్లాకు ముఖ్యస్థానము కాకినాడనుండి ఇచ్చటికి మాఱెను. ఇంత గౌరవము వచ్చినను మా వీధిలో కూరగాయల బండివానికిని, మా యత్తగారికిని ఇది రాజమండ్రియే. నేను బడికి పోయి చదివినది తక్కువ. మా తండ్రిగారు ఇంటనే భారత భాగవతములును, ప్రబంధములు రెండు మూడును చెప్పిరి. నన్నయభట్టారకుడు భారతమును తెనిగింప మొదలిడిన యూరికి, శ్రీనాథుడు రెడ్డిరాజుల కొలువున నుండిన యూరికి కోడలనగుచున్నానని పెండ్లినాడు లోలోపల నెంతయో పొంగితిని. కాపురమునకు వచ్చిన మఱునాడు మా యత్తగారు నాకు మొదట చెప్పినది నన్నయగారి సంగతి కాదు. కుళాయి వచ్చు వేళ.

మా యత్తగారు క్రొత్తకోడలుగా వచ్చిన దినములలో ఈ వీధి స్త్రీలు తెల్లవాఱుజామున కోటిలింగాలరేవునకు పోయి స్నానములుచేసి బిందెలతో నీరు తెచ్చుకొనెడివారట. ఆ మెట్లమీద తెలియని సంగతి లేదట. ఎవరింట వేవిళ్లు, ఎవరింట బాలింత, ఏ పిల్లకు సంబంధము కుదిరినది, ఎవరి మగడు కోపగించి యూరు విడిచినాడు, అన్నియు తడిబట్టలతోనే తెలిసిపోయెడివి. రాని మనిషిని గుఱించి యడుగుట రేవు మర్యాద. ఒకనాడు రాకున్న ఊరకుందురు. రెండవనాడును రాకున్న, తిరిగివచ్చునపుడు ఆ గుమ్మముకడ బిందె దింపి పలుకరించి పోవుదురు. అందులో కొండెములు లేకపోలేదు. ఒకరి కాపురమును రేవుమెట్లమీద ఉతికి ఆఱవేసిన సందర్భములును కలవని మా యత్తగారే యొప్పుకొందురు. ఐనను ఒంటరిగా మంచమునబడి ఎవ్వరికిని తెలియకుండ కన్నుమూసినవారు ఆ దినములలో ఈ వీధిలో లేరని ఆమె గట్టిగా చెప్పుదురు.

తరువాత కుళాయిలు పెరటికి వచ్చినవి. నేను ఆ సుఖమును నిందించుదానను గాను. నిండుబిందె చంకనిడుకొని మెట్లెక్కినవారికే దాని విలువ తెలియును. మా యత్తగారి నడుము నేటికిని ఆ బరువు మఱువలేదు. కాని నీరు ఇంటికి వచ్చినదేగాని, నీటితో వచ్చెడి వార్త రేవుననే యుండిపోయినది. ఇప్పుడు మేము రేవున కలియుట కార్తికమాసమునను, పుణ్యదినములందును మాత్రమే. అప్పుడును దీపములు వదలి, ఫొటోలు దించుకొని, ఎవరి యాటోలో వారు తిరిగివచ్చుచున్నాము.

నీటికిని వార్తకును గల యీ చుట్టఱికమును తలచినప్పుడెల్ల నాకు మా యూరి మఱియొక యుపాధ్యాయుని యిల్లాలు జ్ఞప్తికి వచ్చును. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీని ఇచ్చట తొలి వితంతువివాహము జరిపించిరి. ఆ దినములలో వారింటికి వంటవారు రారైరి, నీళ్లవారు రారైరి. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరికి పోయి నీరు మోసితెచ్చి, తానే వండి వడ్డించిరి. పంతులుగారు 1874లో ‘వివేకవర్ధని’ని స్థాపించి ఊరి యన్యాయములను అచ్చువేసి చాటిరి, 1883లో మనబోటి స్త్రీలకొఱకు ‘సతీహితబోధిని’ని నడపిరి. వారి పత్రికలను గుఱించి సభలలో చెప్పుకొందుము, చెప్పుకొనవలసినదే. నాకు మాత్రము ఆ తల్లి బిందెతో దిగినప్పుడు మెట్లమీద నున్న యాడువారు ఏమనిరో, ఎవరు జరిగి చోటిచ్చిరో, ఎవరు ముఖము త్రిప్పుకొనిరో, ఆ మాటలే వినవలెనని యుండును.

నేడు రేవునకు బదులు చేతిఫోను వచ్చినది. మా వీధి స్త్రీలము ముప్పదిమందిమి వాట్సప్పులో ఒక గుంపుగా నున్నాము. ఉదయమున దేవుని పటములు, మధ్యాహ్నమున వంటలు, సాయంకాలమున చీరలు. వానకాలము వచ్చినచో పులసచేప దిగినదనియు, వేలకువేలు పలికినదనియు ఎవరో ఒకరు పటము పంపుదురు. పుస్తెలమ్మియైనను పులస తినవలెనన్న సామెత పుట్టిన సీమ మాది. మా యింట చేప వండరుగాని, పులస వచ్చినదనగా గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినదని మాకును గుఱుతు. సముద్రమునుండి ఆ చేప వఱదనీటికి ఎదురీది నదిలోనికి వచ్చును. కావున అదియు ఒక వార్తాహరియే. ఇన్ని వచ్చుచున్నను ప్రక్కయింటిలో ఎవరు మంచమెక్కిరో మాత్రము ఆ ఫోనులో రాదు.

ఇక వఱదమాట. ఇది మా యూరివారికే గాక, గోదావరి యొడ్డున పుట్టినిల్లో మెట్టినిల్లో గల ప్రతి స్త్రీకిని తెలియవలసినది కావున కొంచెము విరివిగా వ్రాయుదును.

మా పట్టణమునకు దిగువను ధవళేశ్వరమున ఆనకట్ట యున్నది. సర్ ఆర్థర్ కాటన్ దొరవారు 1847లో మొదలిడిన పని 1852లో ముగిసెను. ఆ పాతకట్టకు బదులుగా 175 తలుపులతో నేటి బ్యారేజి 1982లో పూర్తియైనది. అచ్చటి కొలబద్దపై నీటిమట్టము 11.75 అడుగులైనచో మొదటి ప్రమాదహెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. అడుగులతోపాటు క్యూసెక్కులనియు చెప్పుదురు. ఈ మాట వినగానే చాలమంది ఆడువారు అది యింజనీర్ల లెక్కయని వదలివేయుదురు. అందేమియు కష్టములేదు. ఒక సెకండులో ఒక ఘనపుటడుగు నీరు పాఱిన అది యొక క్యూసెక్కు. అనగా సుమారు 28 లీటర్లు. మన వంటయింటి బిందెలు రెండనుకొనుడు. మొదటి హెచ్చరికనాడు ఇంచుమించు పదిలక్షల క్యూసెక్కులు సముద్రమునకు పోవుచుండును. అనగా మీరు నోటితో ఒకటి యని లెక్కించునంతలో ఇరువదిలక్షల బిందెలు! రెండవ హెచ్చరికకు 13 లక్షల క్యూసెక్కులు, మూడవదానికి 17 లక్షలు. 1986 ఆగస్టునాటి వఱద 35 లక్షలు దాటెను. కాలముచేసిన మా మామగారు ఈ లెక్కలన్నియు లేకయే, 1900 నుండి 1997 వఱకు రైళ్లను మోసిన పాతవంతెన స్తంభములను చూచి, నీరు ఎంతవఱకు తాకినదో దానినిబట్టి ఊహించెడివారట. మా యత్తగారు నేటికిని ఏ వఱదను చూచినను ‘ఎనుబదియాఱు ముందు ఇదెంత!’ అందురు. దానితో ఒక చిక్కున్నది. ఎనుబదియాఱు కానిది వఱదయే కాదని ఆమె నమ్మకము. ఇట్లు నమ్మినవారు లంకలలో చాలమంది కలరు.

మఱియొక చిక్కు భద్రాచలపు అడుగులతో వచ్చును. అచ్చటి కొలబద్ద వేఱు, మన కొలబద్ద వేఱు. అచ్చట 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కు మూడవది. 2022 జూలైలో భద్రాచలమున 71 అడుగులు దాటినదని టీవీలో వినగానే, మా వీధి చివరియింటి పెద్దావిడ మన వీధికిని 71 అడుగుల నీరు వచ్చుననియు, మేడమీది కెక్కినను ప్రయోజనము లేదనియు మనుమలను కౌగిలించుకొని యేడ్చినది. నవ్వవలదు. ఆమెకు ఎవ్వరును చెప్పలేదు. భద్రాచలమున పెరిగిన నీరు మన కడకు వచ్చుటకు కొంత వ్యవధి పట్టును. ఆ వ్యవధియే దిగువనున్నవారు పసిపిల్లలను, బియ్యపుమూటను, పశువులను గట్టెక్కించుకొనుటకు దొఱకిన వేళ. కావున ఆ యంకెకు భయపడుట గాదు, దానిని చదువుకొనుట కావలెను. ఇంత తెలిసిన నేనే ఆ నెలలో చేసిన పని వినుడు.

సాధారణముగా ఆగస్టులో వచ్చెడి పెద్దవఱద ఆ యేడు ఆషాఢముననే వచ్చెను. మూడవ హెచ్చరిక దాటి, కడకు ప్రవాహము 25 లక్షల క్యూసెక్కులను మించెను. పట్టణమునకు గట్టు కలదు. మా రేవులు మునిగినవేగాని యిండ్లకు భయములేకపోయెను. నిజమైన కష్టము కోనసీమ లంకలది. ధవళేశ్వరమునకు దిగువను నది గౌతమి వసిష్ఠలుగా చీలి, పాయలనడుమ లంకలను పొదివికొని పోవును. ఒండ్రునేలలో అరటియు, కూరలును బంగారమువలె పండును. ఆ బంగారమునకు గోదావరి యప్పుడప్పుడు వడ్డీ వసూలుచేయును.

మా యెదుటియింటి కోడలు అట్టి యొక లంకగ్రామపు పిల్ల. నన్ను పిన్నిగారూ యని పిలుచును. అప్పటికామెకు ఏడవనెల. భర్త పనిమీద హైదరాబాదులో నుండెను. తండ్రి లేడు. తల్లి యొక్కతె రెండు గేదెలను పెట్టుకొని లంకలో కాపురము. కూతురు రెండుదినములనుండి ఫోనుచేసి బయలుదేరుమని బ్రతిమాలుచునే యుండెను. ‘గేదెలను వదలి నేనెక్కడికి వత్తునే? ఎనుబదియాఱులోనే కదలలేదు’ అని తల్లి జవాబు. ఆనాడు మధ్యాహ్నమునుండి తల్లి ఫోను పలుకుట మానెను.

సాయంకాలము వాన వెలిసినప్పుడు నలుగురము మా యరుగుమీద చేరితిమి. ఆ పిల్లయు వచ్చి స్తంభమునకు ఆనుకొని నిలుచుండెను. ఆ సమయమున నా ఫోనులో ఒక సందేశము వచ్చెను. ఆ లంకవైపున గట్టు తెగినదనియు, ఊళ్లు కొట్టుకొనిపోయినవనియు, ఈ సంగతి అందఱికిని పంపుడనియు. పంపినది మా చుట్టములే. వారికి ఎవరో పంపిరి. ఆ యెవరో ఎవరో తెలియదు. నేను చూచుచునే పైకి చదివితిని. చదివి ముగించిన పిమ్మట గదా తలయెత్తి ఆ పిల్ల ముఖము చూచితిని! చదువుకొన్నదానను, ఉపాధ్యాయుని భార్యను. ఒక వార్తను నోటిలో నిముసమైన నిలుపుకొనలేకపోయితిని.

ఆమె యేమియు ననలేదు. మెల్లగా దిగి వారింటిలోనికి పోయినది. అరగంట గడచిన పిమ్మట వారి యత్తగారు వచ్చి ‘అమ్మాయి మీయింట నున్నదా అండీ?’ యని యడిగిరి. మాయింట లేదు. వారి పెరటిలో లేదు, మేడమీద లేదు. ఫోను వంటగట్టుమీదనే యున్నది. గోదావరి గట్టు మా వీధికి దూరము లేదు. మే మందఱము మనస్సులో ఒకటే యనుకొనుచు, పైకి వేఱు వేఱు చోటుల పేర్లు చెప్పుకొనుచుంటిమి. వారి మామగారొక వైపు, పాలబ్బాయి యొక వైపు, వీధికుఱ్ఱలు నలుదిక్కులకును పోయిరి. ఆ మూడుగంటలు నేనెట్లు గడపితినో వ్రాయలేను. దేవుని గదిలో దీపమైన పెట్టలేదు. ఏ ముఖముతో పెట్టుదును? రాత్రి తొమ్మిదిగంటలకు పాలబ్బాయి ఆమెను బస్టాండులో కనుగొనెను. అటువైపు బస్సులు ఆగిపోయినవి. ఒకటైన కదలునేమోనని తడిసిన చీరతో బల్లమీద కూర్చుండి, వచ్చిన ప్రతి బస్సుబోర్డును చదువుచుండెనట.

మా యింటివారు హైస్కూలులో తెలుగు చెప్పుదురు. వఱదలప్పుడు బడులే పునరావాసకేంద్రములగును. ఉపాధ్యాయులకు అచ్చట పనులు పడును. ఆయన ఆ రాత్రి అట్టి పనినుండియే వచ్చిరి. జరిగినది చెప్పి యేడ్చితిని. కోపగించిన బాగుండెడిది, కోపగించలేదు. ‘గట్టు తెగుట చూచినదెవరు? ఏ గంటకు చూచిరి?’ అని రెండుమాటలు మాత్రమడిగిరి. నాయొద్ద జవాబు లేదు. ఆయన తోడి యుపాధ్యాయు లొకరు ఆ ప్రాంతమున కేంద్రమొకటి చూచుచుండిరి. వారికి ఫోనుచేసిరి. వారి పట్టికలో ఆ తల్లి పేరు లేదు. వారు మఱియొకరికి చేసిరి, అచ్చటను లేదు. మూడవచోట దొఱకెను. మధ్యాహ్నముననే పడవమీద తెచ్చిరట. గట్టు తెగలేదు. పడవ యెక్కునప్పుడు ఆమె ఫోను నీటబడినది, అంతే. రెండు గేదెలును గట్టుమీద కట్టివేయబడి మేత మేయుచున్నవి.

లంకనుండి మరలివచ్చిన హనుమంతుడు తాను సముద్రము దాటిన పాట్లను రామునికి మొదట చెప్పలేదు. చూచితినన్న మాటను ముందుంచి, పిమ్మటనే తక్కినది చెప్పినాడని మా తండ్రిగారు సుందరకాండము చదివినప్పుడెల్ల ఆ మాటల వరుసకే మురిసెడివారు. ఎదుటివారి గుండె ఏ మాటకై ఆగియున్నదో ఆ మాటను ముందు చెప్పవలెనట. చిన్ననాటినుండి విన్నదానను, అవసరమునకు నాకది యక్కఱకు రాలేదు. మావారు ఎదురింటి గుమ్మము దాటకముందే ‘అమ్మ గట్టుమీద నున్నదమ్మా’ అనిరి. ఎట్లు తెలిసినదో, ఎవరు చెప్పిరో తరువాత చెప్పిరి. ఆ పిల్ల అంతవఱకు ఏడ్వలేదు, అప్పుడేడ్చినది. నేను లోపలికి పోలేక వీధిలోనే నిలుచుంటిని.

ఆశ్వయుజమున ఆమెకు సుఖప్రసవమై కొడుకు పుట్టెను. బారసాలకు పిలువ వచ్చినప్పుడు నన్ను క్షమింపుమంటిని. ‘మీరు చదువకున్నను ఏదో ఫోనులో నేనే చూచెడిదానను పిన్నిగారూ’ అనినది. అది నా మనస్సు నొప్పింపకుండుటకు చెప్పిన మాటయని నే నెఱుగుదును.

ఆ వఱద తీయుచుండగనే, మావారు ఇంటికి వచ్చు పిల్లలకొఱకు కొనియుంచిన చిన్న నల్లబల్లను నేను అరుగుమీదికి తెచ్చి గోడకు తగిలించితిని. వఱదదినములలో ఉదయ సాయంకాలములు రెండుమాఱులు ధవళేశ్వరపు అడుగులను, క్యూసెక్కులను దానిమీద వ్రాయుదును. ప్రక్కనే గంట వ్రాయుదును. ఎవరు చెప్పినది వ్రాయుదును. ‘అట’, ‘అందురు’ అన్న మాటలకు ఆ బల్లమీద చోటులేదు. భద్రాచలపు అంకె వ్రాసినచో దానిప్రక్కన ‘అచ్చటిది’ అని పెద్దయక్షరములతో వ్రాయుదును. అది చివరియింటి పెద్దావిడకొఱకు. ఒకనాడు తొందరలో 13కు మాఱుగా 15 వ్రాసితిని. మఱునాడు ఆ తప్పును, దాని దిద్దుబాటును రెండింటిని పైవరుసలోనే వ్రాసి సాయంకాలము వఱకు ఉంచితిని. సిగ్గుగనేయుండెను గాని, పిల్లలు చూచి ‘మాస్టారుగారి యమ్మగారికి కూడ తప్పులు వచ్చునే!’ యని సంతోషించిరి.

మొదట మగవారు నవ్విరి. మాస్టారి యింట రెండవబడి తెఱచినారనిరి. ఫోనులో రానిది ఇందేమున్నదని యొకాయన యడిగినాడు. ఫోను చదువలేనివారు మా వీధిలో ఎందఱున్నారో ఆయన యెఱుగడు. మా పనిమనిషి యిల్లు పల్లమున నున్నది. గోదావరి యంకె నాకంటె ఆమెకు పదిరెట్లు కావలయును. ప్రతిదినము చీపురు పట్టుకొని బల్లముందు నిలిచి ‘ఇయ్యాల ఎంతుందమ్మగారూ?’ అని యడిగెడిది. చెప్పిచెప్పి విసుగుజెంది, ఒకనాడు అంకెలు నేర్పుటకు కూర్చుంటిని. పదిదినములలో నేర్చినది. ఇప్పుడు పదునేడు చూచినచో ‘మూడోదానికి దగ్గరకొచ్చేసిందండీ’ అని నాకే చెప్పును.

వఱద లేని దినములలో బల్లకు వేఱు పనులున్నవి. కుళాయి రాని పూట ముందుగా తెలిసినచో వ్రాయుదుము. పసిపిల్లలకు టీకాలు వేయు దినము, రక్తము కావలసిన రోగి, తప్పిపోయిన పిల్లి, కడియమునుండి చామంతులు చవుకగా వచ్చినవన్న మాట, పదవతరగతి నెగ్గిన పిల్లల పేర్లు. ఒకామె వచ్చి తన తోడికోడలు అప్పు తీర్పలేదని వ్రాయుమనెను. వ్రాయనంటిని. పెండ్లికుదిరిన పిల్ల జాతకము సంగతి వ్రాయుమనువారొకరు, ఎవరింటికి ఏ వేళ ఎవరు వచ్చిపోవుచున్నారో వ్రాయుమనువారొకరు. వారికిని లేదంటిని. రేవుమెట్లమీది మంచిని తెచ్చుకొందుముగాని, అచ్చటి చాకిరేవును గూడ మా యరుగుమీద పెట్టుకొనలేము. ఇందువలన నాపై నలిగినవారు ఇద్దఱున్నారు. వారును కుళాయివేళ చూచుకొనుటకు వచ్చుచునే యున్నారు.

2015 జూలై 14వ తేదీని, పుష్కరముల మొదటినాడు, పుష్కరఘట్టమున తొక్కిసలాటలో 27 మంది ప్రాణములు కోల్పోయిన దుఃఖమును మా యూరు మఱువలేదు. ఊరి పొడవునను రేవులున్నవి. ఏ రేవున మునిగినను గోదావరియే. ఈ మాట దూరమునుండి వచ్చినవారికి ఎవరు చెప్పవలెను? 2027లో మరల పుష్కరములు రానున్నవి. ప్రతి యింటికిని చుట్టములు దిగుదురు. ఏ రేవున రద్దీ యెట్లున్నదో స్వయముగా చూచి వచ్చినవారే వ్రాయవలెనని, ఆ పండ్రెండుదినములకు పెద్దబల్ల యొకటి కొనవలెనని మా వీధివారు ఇప్పటినుండియే చందా పోగుచేయుచున్నారు.

బల్ల క్రిందిమూల పిల్లలది. అందు వారు పటములు గీయుదురు, పందెములు వ్రాయుదురు. క్రిందటి మార్గశిరమున ఒకనాటి యుదయము ముగ్గు వేయుచుండగా, ఆ మూలను నాలుగవతరగతి కుఱ్ఱవాని వంకరయక్షరములతో ‘మామ్మగారి పాలపేకెట్టు ఇంకా తలుపుకే ఉంది, 7 గంటలు, నేనే చూశాను’ అని యుండుట చూచితిని. మూడవయింటి మామ్మగారి పిల్లలు దూరదేశమున నున్నారు, ఆమె యొంటరి. ముగ్గుగిన్నె యచ్చటనే వదలి పరుగెత్తితిని. పిలిచిన పలుకలేదు. పెరటిగోడ దాటి పాలబ్బాయి తలుపు తెఱచెను. రాత్రి స్నానాలగదికడ కాలుజాఱి పడి, తుంటి విఱిగి, లేవలేక, చలికి వణకుచు నేలమీదనే యున్నది. అఱచి యఱచి గొంతుపోయినదట.

శస్త్రచికిత్స జరిగినది. రెండునెలలు మంచము, పిమ్మట చేతికఱ్ఱ. నడువగలిగిన మొదటిదినముననే ఆమె మెల్లగా మా యరుగువఱకు వచ్చి, ఆ కుఱ్ఱవానిని పిలిచి, రెండునెలలుగా ఎవ్వరును చెఱపక యుంచిన ఆ పాలపేకెట్టు వరుసను వానిచేతనే తుడిపించినది. పిమ్మట ఒక నిముస మాలోచించి, తనకు చేతికఱ్ఱ యిక అక్కఱలేనప్పుడు వేఱొకరికి ఇచ్చెదననియు, ఎవరియింటనైన మంచి యింగువ యున్నచో కొంచెము కావలెననియు వ్రాయుమని వానికి చెప్పినది. వాడు వ్రాసి, గంట వేసినాడు.